నొప్పికి మందే... అదుపు తప్పితే ముప్పే: దీర్ఘకాలిక నొప్పి చికిత్సలో ట్రమడాల్

ఒకే బిళ్ల మూడు చేతులలో మూడు విధాలుగా పనిచేస్తుంది. కేన్సర్ ఎముకలకు పాకి నిద్రకు దూరమైన రోగి చేతిలో అది కొన్ని గంటల ఊరట. ఏళ్ల తరబడి నడుము నొప్పితో బాధపడుతూ, ఊళ్లో ఎవరో ఇచ్చిన బిళ్లలను రోజూ మింగుతున్న వ్యవసాయ కూలీ చేతిలో అది మానలేని అలవాటు. వైద్యుని చీటీ లేకుండా కొని మత్తు కోసం మింగే యువకుని చేతిలో అది ప్రాణాపాయం. ఆ బిళ్ల పేరు ట్రమడాల్.

మన దేశంలో సాధారణ ఔషధ దుకాణాలలో లభించే ఓపియాయిడ్ తరగతి నొప్పి మందులలో ట్రమడాల్ ముఖ్యమైనది. జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో దీనికి స్థానం ఉన్నది. అదే సమయంలో 2018 ఏప్రిల్ 26 నుండి ఇది మాదక ద్రవ్యాల నిరోధక చట్టం పరిధిలో కూడా ఉన్నది. అత్యవసర ఔషధాల జాబితాలోను, నియంత్రిత పదార్థాల జాబితాలోను ఒకే మందు ఉండడం పరస్పర విరుద్ధంగా కనిపించవచ్చు. నిజానికి ఈ మందు స్వభావమే అటువంటిది. దీనిని గురించి వార్తలు రాసేవారు, తనిఖీలు చేసేవారు, సరఫరాను పర్యవేక్షించేవారు ఈ రెండు ముఖాలనూ తెలుసుకొని ఉండడం అవసరం.

నొప్పి ఎప్పుడు వ్యాధి అవుతుంది?

నొప్పి శరీరం చేసే హెచ్చరిక. కాలు విరిగినప్పుడు, పన్ను పుచ్చినప్పుడు, శస్త్రచికిత్స జరిగినప్పుడు కలిగే నొప్పి కారణం తొలగగానే క్రమంగా తగ్గిపోతుంది. దీనిని తక్షణ నొప్పి అంటారు. మూడు నెలలకు మించి కొనసాగే నొప్పిని, లేదా మాటిమాటికీ తిరగబెట్టే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తారు. గాయం మానిన తరువాత కూడా నరాల వ్యవస్థ నొప్పి సంకేతాలను పంపుతూనే ఉండడం ఇందులోని ప్రధాన లక్షణం. 2022 జనవరి నుండి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండవ సవరణలో దీర్ఘకాలిక నొప్పికి ప్రత్యేక స్థానం కల్పించారు.

మోకాళ్ల కీళ్లు అరగడం, వెన్నుపూసల సమస్యలు, మధుమేహం వలన పాదాలలో కలిగే మంటలు, పక్షవాతం తరువాత మిగిలే నొప్పి, కేన్సర్ నొప్పి ఇవన్నీ ఈ కోవలోకే వస్తాయి. అయితే ఇవన్నీ ఒక్కటి కావు. ఒకదానికి పనిచేసిన మందు మరొకదానికి పనిచేయకపోవచ్చు. ఈ తేడాను గుర్తించకుండా “నొప్పి మందు” అనే ఒకే పేరుతో అన్నింటికీ ఒకే బిళ్ల ఇవ్వడంతోనే సమస్య మొదలవుతున్నది.

ట్రమడాల్ పనిచేసే తీరు

గసగసాల మొక్క కాయను గీరినప్పుడు కారే పాలు గడ్డకట్టి నల్లమందు అవుతుంది. అందులోని ప్రధాన రసాయనం మార్ఫిన్. మెదడులోను, వెన్నుపాములోను నొప్పి సంకేతాలను అడ్డుకునే గ్రాహకాలపై మార్ఫిన్ పనిచేస్తుంది. అదే గ్రాహకాలపై పనిచేసే మందులన్నింటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. ట్రమడాల్ మొక్క నుండి తీసినది కాదు. 1962లో జర్మనీకి చెందిన గ్రునెంతాల్ సంస్థ ప్రయోగశాలలో దీనిని రూపొందించారు. 1977లో అది ఆ దేశ విపణిలోకి వచ్చింది.

ఈ మందు రెండు మార్గాలలో పనిచేస్తుంది. మొదటిది ఓపియాయిడ్ మార్గం. రెండవది, మెదడులోని సెరటోనిన్, నారెడ్రినలిన్ అనే రసాయనాల స్థాయిని పెంచడం. మానసిక కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందులు పనిచేసే మార్గం కూడా ఇదే. కనుక ఆ మందులను, ట్రమడాల్‌ను కలిపి వాడినప్పుడు ప్రమాదం పెరుగుతుంది.

మరొక ముఖ్య విషయం ఏమనగా, ట్రమడాల్ శరీరంలోకి చేరిన తరువాత కాలేయంలో మరింత శక్తిమంతమైన రూపానికి మారుతుంది. ఈ మార్పు జరిగే వేగం వంశపారంపర్య లక్షణాలను బట్టి మనిషి మనిషికీ మారుతుంది. కొందరిలో మార్పు చాలా తక్కువ. వారికి బిళ్ల వేసుకున్నా నొప్పి తగ్గదు. కొందరిలో మార్పు అతివేగం. సాధారణ మోతాదు సైతం వారికి అధిక మోతాదుగా పరిణమిస్తుంది. “పక్కింటి వారికి పనిచేసింది” అన్న మాట ఈ మందు విషయంలో ఎందుకు చెల్లదో దీనివలన అర్థమవుతుంది.

మేలు ఎవరికి?

కేన్సర్ నొప్పి నివారణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో మూడు మెట్ల విధానాన్ని ప్రకటించింది. స్వల్ప నొప్పికి పారాసిటమాల్ వంటి మందులు మొదటి మెట్టు. అవి చాలనప్పుడు ట్రమడాల్, కొడీన్ వంటి మధ్యస్థ ఓపియాయిడ్లు రెండవ మెట్టు. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మూడవ మెట్టు. ఆ తరువాతి కాలంలో ఈ మార్గదర్శకాలను సవరించి, మెట్ల వరుస కంటే రోగి అవసరానికి ప్రాధాన్యం ఇచ్చారు. అయినా మార్ఫిన్ దొరకని చోట నొప్పితో ఉన్న రోగికి అందుబాటులో ఉండే ఓపియాయిడ్ తరచుగా ట్రమడాలే.

శస్త్రచికిత్స, ఎముక విరుగుడు వంటి సందర్భాలలో కొద్ది రోజులపాటు వాడడానికి కూడా ఇది ఉపయోగపడుతుంది. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మందులు జీర్ణాశయంలో పుండ్లకు, మూత్రపిండాల నష్టానికి దారితీసే ప్రమాదం ఉన్నవారికి వైద్యులు ఆచితూచి దీనిని సూచిస్తారు. పెద్దలలో 24 గంటలకు 400 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. 75 సంవత్సరాలు దాటిన వారికి ఆ పరిమితి 300 మిల్లీగ్రాములు మాత్రమే. మూత్రపిండాలు, కాలేయం సరిగా పనిచేయని వారికి మోతాదు తగ్గించవలసి ఉంటుంది.

అయితే మోకాళ్ల నొప్పి, నడుము నొప్పి వంటి కేన్సరేతర దీర్ఘకాలిక బాధల విషయంలో పరిశోధనలు చెబుతున్నది వేరు. కీళ్ల అరుగుదలలో ట్రమడాల్ వాడకంపై 2019లో కాక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్ష, ఉత్తుత్తి బిళ్లతో పోలిస్తే నొప్పిలో గాని, కదలికలో గాని చెప్పుకోదగిన ప్రయోజనం లేదని తేల్చింది. 2025లో వెలువడిన మరొక సమీక్ష 19 అధ్యయనాలను, 6,506 మంది రోగుల ఫలితాలను పరిశీలించి, నొప్పి తగ్గుదల స్వల్పమేనని, తీవ్రమైన దుష్ఫలితాలు సంభవించే అవకాశం మాత్రం సుమారు రెట్టింపు ఉన్నదని పేర్కొన్నది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన దీర్ఘకాలిక నడుము నొప్పి మార్గదర్శకాలలో సైతం ఓపియాయిడ్లను సాధారణ చికిత్సగా వాడరాదని సూచించారు. వ్యాయామం, ఫిజియోథెరపీ, బరువు తగ్గడం, రోగికి తన సమస్యపై అవగాహన కల్పించడం వంటివి ముందు వరుసలో నిలిచాయి.

కేన్సర్ నొప్పికి, శస్త్రచికిత్స అనంతర నొప్పికి చోటు ఉన్న ఈ మందుకు, రోజువారీ నడుము నొప్పిలో శాశ్వత స్థానం లేదన్నది దీని సారాంశం.

ముప్పు ఎవరికి?

“బలహీనమైన ఓపియాయిడ్” అన్న పేరు ట్రమడాల్‌కు మొదటి నుండి ఉన్నది. ఆ పేరే అది నిరపాయకరమన్న అపోహకు కారణమైంది. వికారం, వాంతులు, తల తిరగడం, మగత, మలబద్ధకం దీనివలన తరచుగా కనిపించే ఇబ్బందులు. వృద్ధులలో మగత వలన పడిపోయి తుంటి ఎముక విరగడం అదనపు ప్రమాదం. ఈ మందు వేసుకొని వాహనం నడపడం, యంత్రాల వద్ద పనిచేయడం తగదు.

ట్రమడాల్‌కు మిగతా ఓపియాయిడ్ల కంటే భిన్నమైన ఒక కీడు ఉన్నది. అది మూర్ఛ. మోతాదు మించినప్పుడు, మూర్ఛ వ్యాధి ఇదివరకే ఉన్నప్పుడు, కుంగుబాటు మందులతో కలిపి వాడినప్పుడు ఈ ముప్పు ఎక్కువ. సెరటోనిన్ స్థాయి మితిమీరి పెరిగితే వణుకు, జ్వరం, కలవరపాటు, కండరాలు బిగుసుకుపోవడం వంటి లక్షణాలతో ప్రాణాపాయ స్థితి ఏర్పడవచ్చు. రక్తంలో చక్కెర అకస్మాత్తుగా పడిపోయే అవకాశం కూడా ఉన్నందున మధుమేహ రోగులు జాగ్రత్త వహించాలి.

అన్నింటికంటే తీవ్రమైనది శ్వాస మందగించడం. మద్యం గాని, ఆల్ప్రజోలం వంటి నిద్రమాత్రలు గాని తోడైతే ఊపిరి ఆగిపోయే ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో 12 ఏళ్ల లోపు పిల్లలకు ట్రమడాల్ ఇవ్వరాదని ఆదేశించింది. పాలిచ్చే తల్లులు వాడరాదని కూడా హెచ్చరించింది. తల్లి శరీరంలో మందు అతివేగంగా మారితే పాల ద్వారా శిశువుకు ప్రమాదకర మోతాదు చేరుతుంది.

పారాసిటమాల్‌తో కలిపిన బిళ్లలు కూడా విపణిలో ఉన్నాయి. వాటిని వేసుకుంటూ జ్వరానికి విడిగా మళ్లీ పారాసిటమాల్ వేసుకుంటే కాలేయానికి హాని జరుగుతుంది. బిళ్ల పేరు వేరైనా లోపలి మందు ఒకటే కావచ్చునన్న సంగతి రోగికి చెప్పడం ఫార్మసిస్టు కర్తవ్యం.

మూడు మాటలు, మూడు అర్థాలు

వార్తలలోను, నివేదికలలోను తరచుగా కలగాపులగం అయ్యే మూడు మాటలను వేరు చేసి చూడాలి. కొంతకాలం వాడిన తరువాత అదే ఫలితానికి ఎక్కువ మోతాదు అవసరం కావడం మొదటిది. దీనిని సహనశక్తి పెరగడం అంటారు. మందు అకస్మాత్తుగా ఆపితే చెమటలు, ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నిద్రలేమి, ఆందోళన కలగడం రెండవది. ఇది శారీరక పరాధీనత. వైద్యుడు చెప్పినట్లు క్రమం తప్పక వాడిన రోగిలో కూడా ఇది రావచ్చు. ఇది నేరం కాదు, దురలవాటు కూడా కాదు. హాని జరుగుతున్నదని తెలిసినా మందు కోసం వెంపరలాడడం, దాని కొరకు పనిని, కుటుంబాన్ని విస్మరించడం మూడవది. ఇదే వ్యసనం. ఇదీ చికిత్సకు లొంగే వ్యాధియే.

కేన్సర్ రోగి మోతాదు పెంచమని అడిగినంత మాత్రాన అతడు వ్యసనపరుడు కాడు. అతని నొప్పి పెరిగి ఉండవచ్చు. ఈ తేడా తెలియకపోవడం వలన ఒకవైపు రోగులు అవమానాల పాలవుతున్నారు. మరొకవైపు నిజమైన వ్యసనపరులు చికిత్సకు బదులు శిక్షను ఎదుర్కొంటున్నారు.

రెండు దేశాలు, రెండు పాఠాలు

ఓపియాయిడ్ల చరిత్రలో రెండు తప్పిదాలు పరస్పరం వ్యతిరేక దిశలలో జరిగాయి.

మొదటిది అమెరికాలో. 1996లో ఆక్సికాంటిన్ అనే ఓపియాయిడ్ బిళ్ల అక్కడి విపణిలోకి వచ్చింది. దీనివలన వ్యసనం కలగడం అరుదని ప్రచారం చేసి, సాధారణ నడుము నొప్పికి సైతం విరివిగా వాడించారు. తయారీ సంస్థ తప్పుడు ప్రచారానికి సంబంధించి 2007లో న్యాయస్థానంలో నేరాన్ని అంగీకరించింది. 2020లో మరికొన్ని అభియోగాలను కూడా అంగీకరించింది. అప్పటికే మందుల చీటీలతో మొదలైన అలవాటు హెరాయిన్‌కు, ఆపై అక్రమ ఫెంటానిల్‌కు మళ్లింది. 2021లో ఆ దేశంలో మాదక ద్రవ్యాల అధిక మోతాదు మరణాలు లక్ష దాటాయి. వాటిలో సుమారు 80 వేలు ఓపియాయిడ్లకు సంబంధించినవి.

రెండవది మన దేశంలో. మాదక ద్రవ్యాలు, మనోప్రభావిత పదార్థాల చట్టం 1985 నవంబరులో అమలులోకి వచ్చింది. అక్రమ రవాణాను అరికట్టడం దాని లక్ష్యం. కాని కనీసం పదేళ్ల జైలు శిక్ష, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో విధమైన లైసెన్సులు, వాటికి వేర్వేరు కార్యాలయాల అనుమతులు కలిసి ఆసుపత్రులను, దుకాణదారులను భయపెట్టాయి. మార్ఫిన్ నిల్వ చేయడమే మానివేశారు. ఫలితంగా 1985 నుండి 1997 నాటికి దేశంలో వైద్య అవసరాలకు మార్ఫిన్ వినియోగం 97 శాతం పడిపోయి, 18 కిలోలకు చేరింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు లైసెన్సుపై గసగసాలు పండిస్తూ, ఘాజీపూర్, నీముచ్ ప్రభుత్వ కర్మాగారాలలో నల్లమందు శుద్ధి అవుతూ, విదేశాలకు ఎగుమతి అవుతున్న కాలంలోనే ఇది జరిగింది. లాన్సెట్ కమిషన్ 2017లో వెలువరించిన నివేదిక ప్రకారం మన దేశంలో నొప్పి నివారణకు అవసరమైన ఓపియాయిడ్లలో కేవలం 4 శాతమే రోగులకు అందుతున్నది.

విచ్చలవిడితనం వలన ఒక దేశం నష్టపోయింది. భయం వలన మరొక దేశంలోని రోగులు నష్టపోయారు. ట్రమడాల్ విషయంలో ఈ రెండు తప్పులలో ఏదీ పునరావృతం కాకుండా చూడవలసి ఉన్నది.

చట్టం ఏమంటున్నది?

2014లో పార్లమెంటు మాదక ద్రవ్యాల చట్టాన్ని సవరించి, వైద్య అవసరాలకు ఈ మందులు లభించేలా చూడడం కూడా ప్రభుత్వ బాధ్యతగా చేర్చింది. 2015 మేలో మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కొడీన్, హైడ్రోకోడోన్ అనే ఆరింటిని అత్యవసర మాదక ఔషధాలుగా ప్రకటించారు. పలు లైసెన్సుల స్థానంలో, రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి గుర్తింపు పొందిన వైద్య సంస్థ వాటిని నిల్వ చేసి రోగులకు ఇవ్వవచ్చునన్న ఏకరూప విధానం వచ్చింది.

ట్రమడాల్ ఈ ఆరింటిలో లేదు. దానిపై నియంత్రణ రెండు దశలలో వచ్చింది. ఔషధ నిబంధనలలోని షెడ్యూల్ హెచ్-1 2014 మార్చి 1 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం వైద్యుని చీటీ లేనిదే ట్రమడాల్ అమ్మరాదు. వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి మూడేళ్లపాటు భద్రపరచాలి. తనిఖీ అధికారులు అడిగినప్పుడు దానిని చూపాలి. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ట్రమడాల్‌ను మనోప్రభావిత పదార్థంగా ప్రకటించడంతో తయారీ, రవాణా, ఎగుమతి, విక్రయాలు మాదక ద్రవ్యాల చట్టం పరిధిలోకి వచ్చాయి. పశ్చిమ ఆఫ్రికా దేశాలకు ఈ బిళ్లలు అక్రమంగా తరలిపోవడం ఈ నిర్ణయం నాటికి అంతర్జాతీయ ఆందోళనగా మారి ఉన్నది.

చట్టం రోగిని విస్మరించలేదు. మాదక ద్రవ్యాల నిబంధనలలోని 66వ నియమం ప్రకారం వ్యక్తిగత వైద్య అవసరానికి ఒక వ్యక్తి ఒకసారికి 100 మోతాదుల వరకు మనోప్రభావిత ఔషధాన్ని ఉంచుకోవచ్చు. దీర్ఘకాలిక వాడకం కొరకు నమోదిత వైద్యుడు ప్రత్యేకంగా రాసి ఇస్తే 300 మోతాదుల వరకు అనుమతి ఉన్నది. అదేవిధంగా చట్టంలోని 64-ఎ సెక్షన్, స్వల్ప పరిమాణానికి సంబంధించిన కేసును ఎదుర్కొంటున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు ముందుకు వస్తే ప్రాసిక్యూషన్ నుండి రక్షణ కల్పిస్తున్నది. ఈ రెండు నిబంధనలు క్షేత్రస్థాయి సిబ్బందికి తెలియడం ఎంతో అవసరం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం ట్రమడాల్‌ను పలుమార్లు పరిశీలించింది. దుర్వినియోగాన్ని గుర్తించినప్పటికీ, అంతర్జాతీయ నియంత్రణ విధిస్తే పేద దేశాల రోగులకు మందు దూరమవుతుందన్న ఆలోచనతో 2018లో అందుకు సిఫారసు చేయలేదు. ఏ దేశానికి ఆ దేశం తన పరిస్థితిని బట్టి నిర్ణయం తీసుకోవలసి ఉంటుందన్నది దీని భావం.

తెలుగు నేలపై పరిస్థితి

ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశ జనాభాలో సుమారు 2.1 శాతం మంది ఏదో ఒక ఓపియాయిడ్‌ను వాడుతున్నారు. దాదాపు ఒక శాతం మంది వాడుతున్నవి ఔషధ రూపంలోని ఓపియాయిడ్లు. చికిత్స లేదా సహాయం అవసరమైన సుమారు 77 లక్షల మందిలో సగానికి మించి కొద్ది రాష్ట్రాలలోనే ఉన్నారని, వాటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నదని ఆ సర్వే పేర్కొన్నది.

ఆంధ్రప్రదేశ్‌లో మాదక ద్రవ్యాల నిరోధానికి 2024లో ఈగల్ విభాగం ఏర్పాటైంది. 2025 మార్చిలో “ఆపరేషన్ గరుడ” పేరిట ఈగల్, విజిలెన్స్, ఔషధ నియంత్రణ విభాగాలు సంయుక్తంగా ఔషధ దుకాణాలలో తనిఖీలు నిర్వహించాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో, ట్రమడాల్‌కు దగ్గర బంధువైన టాపెంటడాల్‌ను కారిసోప్రోడాల్‌తో కలిపి చేసిన మందుల ఎగుమతి అనుమతులను కేంద్రం ఉపసంహరించింది. ఒక మందుపై పట్టు బిగిస్తే దుర్వినియోగం మరొక మందుకు మళ్లుతుందని ఈ ఉదంతం తెలుపుతున్నది.

ఇక రెండవ పార్శ్వం. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్సా విభాగం పేద రోగులకు నొప్పి నివారణ మందులు అందిస్తున్నది. తెలంగాణలో “ఆలన” పేరిట రోగి ఇంటి వద్దకే ఉపశమన సేవలు అందించే ఏర్పాటు జరిగింది. కోజికోడ్ వైద్య కళాశాలలో 1993లో మొదలైన నొప్పి, ఉపశమన చికిత్సా కేంద్రం అనుభవంతో కేరళ 2008లో ప్రత్యేక విధానాన్నే రూపొందించుకున్నది. సక్రమంగా లెక్కలు రాస్తూ, శిక్షణ పొందిన వైద్యుల పర్యవేక్షణలో ఓపియాయిడ్లను పేద రోగులకు, వారి ఇళ్లకు సైతం చేర్చవచ్చునని అక్కడి అనుభవం నిరూపించింది.

ఎవరి బాధ్యత ఏమిటి?

వైద్యులు ట్రమడాల్ రాసే ముందు నొప్పికి కారణం, రోగి వాడుతున్న ఇతర మందులు, మద్యం అలవాటు, మూర్ఛ చరిత్ర అడిగి తెలుసుకోవాలి. అతి తక్కువ మోతాదుతో, అతి తక్కువ రోజులకు రాయాలి. ఫలితం లేకపోతే మోతాదు పెంచుతూ పోవడానికి బదులు చికిత్సను పునఃపరిశీలించాలి. ఏ అర్హతా లేనివారు పల్లెలలో ఈ బిళ్లలు, ఇంజక్షన్లు ఇవ్వడం చట్టవిరుద్ధమే కాక ప్రాణాలతో చెలగాటం.

ఔషధ తనిఖీ అధికారులు కొనుగోలు బిల్లులను, హెచ్-1 రిజిస్టరును సరిపోల్చి చూస్తే తేడా బయటపడుతుంది. ఒకే వైద్యుని పేరుతో అసాధారణ సంఖ్యలో చీటీలు, ఒకే రోగికి తరచుగా విక్రయాలు హెచ్చరిక సంకేతాలు. అయితే తనిఖీల అనంతరం “ఈ మందు మాకు వద్దు” అని దుకాణాలు నిల్వలు మానివేస్తే, ఆ భారం కేన్సర్ రోగిపై పడుతుంది. ప్రతి జిల్లా కేంద్రంలోను చీటీ ఉన్న రోగికి మందు దొరికే చోటు కనీసం ఒకటైనా ఉన్నదా లేదా అన్నది కూడా తనిఖీలో భాగం కావాలి. పోలీసు సిబ్బంది రోగి వద్ద ఉన్న బిళ్లల సంఖ్యతో పాటు, అతని వద్ద ఉన్న చీటీని కూడా పరిశీలించి చర్య తీసుకోవాలి.

పాత్రికేయులు వార్తలలో “మత్తు బిళ్లలు” అన్న మాటను ఆచితూచి వాడడం మంచిది. స్వాధీనమైన సరుకు అక్రమ నిల్వా, చీటీ లేని విక్రయమా, రోగి సొంత మందా అన్నది స్పష్టం చేయాలి. దుర్వినియోగం చేసే పద్ధతిని, మోతాదును వివరించరాదు. చికిత్స లభించే మార్గాన్ని వార్త చివరలో చేర్చితే అది ఒక కుటుంబానికైనా ఉపకరిస్తుంది.

రోగులు తెలుసుకోవలసినవి

ట్రమడాల్‌ను వైద్యుని సలహా లేకుండా మొదలుపెట్టరాదు, అకస్మాత్తుగా మానరాదు. వారాల తరబడి వాడినవారు వైద్యుని పర్యవేక్షణలో మోతాదును క్రమంగా తగ్గించుకుంటూ రావాలి. మద్యంతో గాని, నిద్రమాత్రలతో గాని కలపరాదు. ఒకరి బిళ్లలు మరొకరికి ఇవ్వరాదు. పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచాలి.

మందు తీసుకున్న వ్యక్తి ఎంత పిలిచినా లేవకపోవడం, శ్వాస బాగా నెమ్మదించడం, కనుపాపలు సూదిమొనంత చిన్నవి కావడం, పెదవులు నీలంగా మారడం, మూర్ఛ రావడం అత్యవసర లక్షణాలు. వెంటనే 108 వాహనాన్ని పిలిచి, రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోటిలో నీరు గాని, ఆహారం గాని పోయరాదు. మిగిలిన బిళ్లల అట్టను ఆసుపత్రికి తీసుకుపోతే వైద్యులకు చికిత్స సులభమవుతుంది.

వ్యసనం నుండి బయటపడదలచిన వారు, వారి కుటుంబ సభ్యులు జాతీయ సహాయవాణి 14446కు ఫోన్ చేసి ఉచితంగా సలహా పొందవచ్చు. అక్రమ విక్రయాలపై సమాచారాన్ని జాతీయ సహాయవాణి 1933కు గాని, ఆంధ్రప్రదేశ్‌లో ఈగల్ విభాగం 1972 నంబరుకు గాని తెలియజేయవచ్చు.

నియంత్రణ ఎంత కట్టుదిట్టంగా ఉన్నదో స్వాధీనమైన బిళ్లల లెక్క చెబుతుంది. అది ఎంత న్యాయంగా ఉన్నదో మాత్రం, చీటీ పట్టుకొని వచ్చిన కేన్సర్ రోగి ఆ రాత్రి నిద్రపోగలిగాడా లేదా అన్నది చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే ట్రమడాల్‌పై తెచ్చిన నియంత్రణ ఆశించిన ఫలితాన్ని ఇస్తుంది.